సంప్రదాయమని కాలేయం మన్నించదు



మా చెల్లెలి కొడుకు ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. 2025 ఆగస్టులో ఆ ఊళ్లో 'గ్రేట్ బ్రిటిష్ బీర్ ఫెస్టివల్' అనే ఉత్సవం జరిగింది. మావాడు రెండు రోజులు సెలవు పెట్టి అక్కడ జీతం లేని కార్యకర్తగా పనిచేశాడు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో గ్లాసు, వెనుక వరుసగా పేర్చిన పీపాలు ఉన్న ఫొటో నాకు పంపి, కింద ఇలా రాశాడు:

"మామయ్యా, మద్యం అనగానే మీరు మండిపడతారు. ఒక్కసారి ఇక్కడికి వచ్చి చూడండి. ఎవరూ లాభం కోసం చేయడం లేదు. వందల ఏళ్ల సంప్రదాయాన్ని కాపాడుకుంటున్నారు. ఇది సహజమైన పానీయం. మనుషులు ఫోన్లు పక్కన పెట్టి ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారు. తాగి పడిపోయినవాడు నాకు ఒక్కడూ కనబడలేదు. దీన్ని కూడా మీరు తప్పంటారా?"

ఈ ప్రశ్నకు వాడికి ఫోనులోనే జవాబు చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఇవే మాటలు ఇప్పుడు హైదరాబాదులో, విశాఖపట్నంలో, విదేశాల్లో స్థిరపడిన మన పిల్లల ఇళ్లలో వినబడుతున్నాయి. సారా చెడ్డది, విస్కీ చెడ్డది, కానీ శ్రద్ధగా పులియబెట్టిన మంచి బీరు సంస్కృతిలో భాగమని చదువుకున్నవారే వాదిస్తున్నారు. అందుచేత వాడికి చెప్పవలసిన జవాబు మీ అందరి ముందూ చెబుతున్నాను.

ముందుగా, వారికి దక్కవలసిన మర్యాద

ఎదుటివారి గొప్పతనాన్ని ఒప్పుకోకుండా చేసే విమర్శకు విలువ ఉండదు. కాబట్టి ఈ ఉత్సవం వెనుక ఉన్న కథ ముందు చెబుతాను.

1960లలో బ్రిటన్‌లోని పెద్ద బీరు కంపెనీలు చిన్న కంపెనీలను ఒక్కొక్కటిగా మింగేశాయి. పీపాలో ఈస్టు బతికి ఉండగానే, అంటే ఇంకా పులుస్తూ ఉండగానే అమ్మే పాతకాలపు ఏల్‌ను పక్కకు నెట్టి, వడగట్టి, వేడి చేసి, కార్బన్ డయాక్సైడ్ వాయువు ఎక్కించిన బీరును దేశమంతటా పంచాయి. అది ఎక్కువకాలం నిల్వ ఉంటుంది, ఎక్కడ తాగినా ఒకే రుచి, కంపెనీకి శ్రమ తక్కువ. 1971లో ఐర్లండుకు విహారానికి వెళ్లిన నలుగురు ఇంగ్లీషు యువకులు దీని మీద కోపంతో ఒక సంఘం పెట్టుకున్నారు. అదే తరువాత 'కాంపెయిన్ ఫర్ రియల్ ఏల్', పొట్టిగా 'కామ్రా' అయింది. ఈనాడు దానికి లక్షకు పైగా సభ్యులు ఉన్నారు.

'రియల్ ఏల్' అంటే ఏమిటో తెలుగువారికి చెప్పడం సులభం. చెట్టు నుంచి దించిన తాటికల్లు కుండలో కూడా పులుస్తూనే ఉంటుంది కదా. అలాగే ఈ ఏల్ కూడా, ఏ పీపాలోంచి గ్లాసులోకి వంపుతారో ఆ పీపాలోనే రెండోసారి పులుస్తుంది. బయటి నుంచి వాయువు ఎక్కించరు. మంచులా చల్లబరచరు.

ఈ సంఘం 1975లో లండన్‌లోని కోవెంట్ గార్డెన్‌లో పెద్ద ప్రదర్శన పెట్టింది. 1977లో అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో మొదటి 'గ్రేట్ బ్రిటిష్ బీర్ ఫెస్టివల్' జరిగింది. 1980లో ఆ భవనం అగ్నిప్రమాదంలో కాలిపోతే, పక్కనే గుడారాలు వేసి ఉత్సవం జరిపారు. కరోనా కాలంలోనూ, సరైన స్థలం దొరకని 2024లోనూ ఆగినా, ఆ తరువాత తిరిగి జరిపారు. పీపాలు మోసేవారు, వాటికి కుళాయి బిగించేవారు, పోసేవారు, టిక్కెట్లు చూసేవారు, గ్లాసులు కడిగేవారు అందరూ వాలంటీర్లే. గుడి తిరునాళ్లకు ఊరివారు ఎలా తలా ఒక పని అందుకుంటారో అక్కడా అంతే.

వారు సాధించిన వాటిలో వైద్యుడిగా నేను మెచ్చుకునేవి ఉన్నాయి. కొనేవాడికి పూర్తి కొలత అందాలని వారు దశాబ్దాలుగా పోరాడారు. ఉత్సవంలో ఇచ్చే గ్లాసు మీద పైంటుకు, అర పైంటుకు, పైంటులో మూడో వంతుకు వేరువేరు గీతలు ఉంటాయి. పైంటు అంటే 568 మిల్లీలీటర్లు. రుచి చూడాలనుకున్నవాడు 189 మిల్లీలీటర్లతో సరిపెట్టుకోవచ్చు. ఏ పీపాలో ఎంత శాతం ఆల్కహాలు ఉందో రాసి పెడతారు. పెద్ద కంపెనీలు ఏది పోస్తే అది తాగమన్న కాలంలో మామూలు మనుషులు సంఘటితమై వాటిని వంచారు. ఇది చిన్న విషయం కాదు.

ఇంతవరకు నాకు పేచీ లేదు. పేచీ అంతా, ఈ మంచి గుణాలను చూపించి గ్లాసులో ఉన్నదాన్ని కూడా మంచిది అనిపించడంతోనే.

సేవ అన్నమాట గురించి

మావాడి మొదటి వాదన, ఇందులో లాభాపేక్ష లేదన్నది. నిజమే కావచ్చు. కానీ పోసేవాడు జీతం తీసుకున్నాడా లేదా అన్నది తాగేవాడి కాలేయానికి తెలియదు. డబ్బు తీసుకుని ఇచ్చిన ఆల్కహాలు, ఉచితంగా సేవ చేస్తూ ఇచ్చిన ఆల్కహాలు రక్తంలో ఒకే దారిన పోతాయి.

పైగా సేవ అనే మాటకు మన మనసులో ఒక ప్రత్యేక స్థానం ఉంది. దుకాణం యజమాని "ఇంకొకటి తీసుకోండి" అంటే, వీడు వ్యాపారి, తన లాభం చూసుకుంటున్నాడని అనుమానిస్తాము. కాలేజీ పిల్లవాడో, పింఛను తీసుకునే పెద్దాయనో ఆప్యాయంగా నవ్వుతూ "ఇది మా జిల్లాలో చేసినది, కొంచెం రుచి చూడండి" అంటే ఆ అనుమానం రాదు. ఏ కంపెనీ ప్రకటనకూ లేని బలం ఆ నవ్వుకు ఉంది. అందుకే వారి నిజాయితీని గౌరవిస్తూనే, దాని ప్రభావాన్ని తక్కువగా అంచనా వేయరాదంటున్నాను.

మరొక సంగతి. ఇది కేవలం రుచుల పండుగ కాదు. కామ్రా ఒక ఉద్యమ సంస్థ. బీరు మీద పన్ను తగ్గించాలని ప్రభుత్వాల మీద ఒత్తిడి తెచ్చింది. ఏటా ద్రవ్యోల్బణాన్ని మించి పెరిగే బీరు పన్నును 2013 బడ్జెట్‌లో రద్దు చేయించిన ఉద్యమంలో ఈ సంఘం ముందు వరుసలో నిలిచింది.

మద్యం ధరకూ మరణాలకూ ఉన్న సంబంధం ఏమిటో ఆ దేశంలోనే చూడవచ్చు. స్కాట్లాండు 2018 మే నెలలో ఒక చట్టం అమలు చేసింది. బ్రిటన్ లెక్కలో ఒక యూనిట్ ఆల్కహాలును 50 పెన్నీలకు తక్కువగా ఎవరూ అమ్మరాదని అప్పుడు నిర్ణయించారు. అక్కడి ప్రజారోగ్య సంస్థ అంచనా ప్రకారం, పూర్తిగా మద్యం వల్లనే సంభవించే మరణాలు ఆ చట్టం లేకపోతే ఉండే సంఖ్యకన్నా సుమారు 13 శాతం తగ్గాయి.

న్యాయం కోసం ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ చట్టం సూపర్‌మార్కెట్లలో దొరికే అతి చౌక మద్యాన్ని ఉద్దేశించినది. పబ్బులో అమ్మే ఏల్ ధర అప్పటికే ఆ హద్దు కన్నా చాలా ఎక్కువ. ఇంట్లో ఒంటరిగా చౌకగా తాగడం కంటే నలుగురిలో కొలతతో తాగడం మేలని కామ్రా వాదం. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ ఒక చెడుకన్నా ఇంకొకటి తక్కువ చెడు అన్నంత మాత్రాన అది మేలు అయిపోదు.

సంప్రదాయం అన్నమాట గురించి

రెండో వాదన సంప్రదాయం. వైద్యశాస్త్ర చరిత్ర తెలిసినవారికి ఇక్కడ ఒక ఆసక్తికరమైన కథ గుర్తుకు వస్తుంది. 1854లో లండన్‌లోని బ్రాడ్ స్ట్రీట్ ప్రాంతంలో కలరా విజృంభించింది. వీధి పంపు నీళ్లే కారణమని డాక్టర్ జాన్ స్నో నిరూపించాడు. ఆయన పరిశీలనలో ఒక వింత బయటపడింది. అదే వీధిలోని బీరు బట్టీలో పనిచేసే డెబ్బై మందికి పైగా కూలీలు దాదాపు క్షేమంగా ఉన్నారు. వారికి యజమాని రోజూ కొంత బీరు ఇచ్చేవాడు. బట్టీకి సొంత బావి కూడా ఉండేది. వారెవరూ వీధి పంపు నీళ్లు తాగలేదు.

బీరు తయారీలో నీటిని మరిగిస్తారు. మురుగు కలిసిన నీళ్లు తప్ప వేరే గతిలేని కాలంలో, మరిగించి తయారుచేసిన పానీయం ప్రాణం కాపాడి ఉండవచ్చు. ఆ రోజుల్లో ఇంగ్లండు జనం బీరును నమ్ముకున్నారంటే తప్పు పట్టను. అయితే ఆ కూలీలను కాపాడింది ఆల్కహాలు కాదు, కలరా నీళ్లకు దూరంగా ఉండడం. ఆ సంగతి కనిపెట్టిన జాన్ స్నో మద్యపానాన్ని వ్యతిరేకించినవాడు. ఈనాడు బర్మింగ్‌హామ్‌లో కుళాయి తిప్పితే శుభ్రమైన నీళ్లు వస్తాయి. అవసరం తీరిపోయిన తరువాత మిగిలిన అలవాటుకు సంప్రదాయమని పేరు పెట్టుకున్నాము.

బీరు మంచిది, మిగిలిన మద్యమే చెడ్డది అనే నమ్మకం కూడా ఆ దేశంలో పాతదే. 1751లో చిత్రకారుడు విలియం హోగార్త్ జంట చిత్రాలు గీశాడు. జిన్ను తాగే వీధిలో నాశనం, చావు. బీరు తాగే వీధిలో బొద్దుగా, సంతోషంగా ఉన్న మనుషులు. దాదాపు ఎనభై ఏళ్ల తరువాత, 1830లో, జనాన్ని జిన్ను నుంచి మళ్లించవచ్చుననే ఆశ కూడా తోడై, రెండు గినీల రుసుము కట్టినవారు బీరు దుకాణం పెట్టుకోవచ్చునని చట్టం చేశారు. కొద్ది సంవత్సరాల్లోనే వేల బీరు దుకాణాలు వెలిశాయి. తాగుడు తగ్గలేదు.

ఆ సమయంలోనే ప్రెస్టన్ పట్టణంలో జోసెఫ్ లివ్‌సే అనే జున్ను వ్యాపారి, ఆయన మిత్రులు 1832లో ఏ మద్యమూ తాగబోమని ప్రతిజ్ఞ చేశారు. బీరు బలమిస్తుందనే నమ్మకాన్ని కూల్చడానికి లివ్‌సే ఊరూరా తిరిగి ఉపన్యసించాడు. ఇన్ని గింజలు బార్లీ తీసుకుంటే, బీరు అయ్యేసరికి అందులో తిండిగా మిగిలేది ఎంతో లెక్కవేసి చూపించేవాడు. ఆయన కూడా వాలంటీరే. ఆ సంప్రదాయమూ బ్రిటిష్ సంప్రదాయమే. రెండు సంప్రదాయాల్లో ఒకదానికి పండుగ చేసి, రెండోదాన్ని మరచిపోయి, ఇదే మా సంస్కృతి అంటే ఎలా?

సంప్రదాయం అన్నంత మాత్రాన తలవంచితే మనం బాల్యవివాహాలకూ తలవంచవలసి వచ్చేది. ఏది నిలుపుకోవాలి, ఏది వదులుకోవాలి అన్నది ప్రతి తరమూ కొత్తగా తేల్చుకోవలసిన విషయం.

సహజం అన్నమాట గురించి

మూడోది, అందరినీ ఎక్కువగా మోసం చేసే మాట. సహజమైనది కాబట్టి హాని లేదట. గన్నేరు కాయ సహజమైనదే. తేలు విషమూ సహజమైనదే.

ఏల్‌లో ఉండేవి నీరు, మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, హాప్స్ అనే పువ్వులు, ఈస్టు. బాగానే ఉంది. (శాకాహారులకు ఒక సమాచారం: పీపాలోని ఏల్ తేటపడడానికి ఎండబెట్టిన చేప గాలితిత్తుల నుంచి తీసిన పదార్థాన్ని కలపడం సంప్రదాయ పద్ధతుల్లో ఒకటి.) ఆ బార్లీలోని చక్కెరను ఈస్టు తిని వదిలేది ఇథైల్ ఆల్కహాలు. నాటుసారాలో, ఖరీదైన విస్కీలో, కల్లులో, ద్రాక్షసారాయంలో, రియల్ ఏల్‌లో ఉన్నది ఇదే పదార్థం. కాలేయం దీన్ని ముందుగా ఎసిటాల్డిహైడ్ అనే పదార్థంగా మారుస్తుంది. అది కణంలోని జన్యు పదార్థాన్ని దెబ్బతీస్తుంది. ఈ మార్పు జరిగేటప్పుడు కాలేయం, ఆల్కహాలును పులియబెట్టినది కంపెనీయా, ఊరివాళ్లా అని అడగదు.

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1988లోనే మద్య పానీయాలను, మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తాయని రుజువైన మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు ఉన్నదీ ఆ వర్గంలోనే. నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక, కాలేయం, పెద్దప్రేగు, స్త్రీలలో రొమ్ము, ఇన్నిచోట్ల క్యాన్సర్‌కు మద్యంతో సంబంధం ఉంది. ఆరోగ్యానికి హాని లేని మోతాదు అంటూ మద్యానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా ప్రకటించింది.

"కొద్దిగా తాగితే గుండెకు మంచిది కదా డాక్టరుగారూ" అని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఆ మాట పాఠ్యపుస్తకాల్లో కూడా ఉండేది. ఆ పాత పరిశోధనలు చాలావాటిలో ఒక లోపం ఉంది. తాగనివారి జాబితాలో, జబ్బుపడి తాగుడు మానేసినవారిని కూడా కలిపారు. సహజంగానే తాగనివారి ఆరోగ్యం బాగాలేనట్టు, కొద్దిగా తాగేవారు మెరుగ్గా ఉన్నట్టు కనబడింది. ఆ లోపాన్ని సరిదిద్ది చూస్తే ఆ లాభం చాలావరకు కరిగిపోతుంది.

ఇక లెక్క చూద్దాం. బ్రిటన్‌లో 10 మిల్లీలీటర్ల స్వచ్ఛమైన ఆల్కహాలును ఒక యూనిట్ అంటారు. అది 8 గ్రాములు. 2016 నుంచి అక్కడి ప్రభుత్వ ముఖ్య వైద్యాధికారుల సలహా ఏమంటే, స్త్రీలైనా పురుషులైనా వారానికి 14 యూనిట్లు మించరాదు, అది కూడా మూడు రోజులకో అంతకన్నా ఎక్కువ రోజులకో సర్దుకోవాలి. 4.5 శాతం ఏల్ ఒక పైంటు తాగితే సుమారు రెండున్నర యూనిట్లు. మన దేశంలో 42.8 శాతం విస్కీ 60 మిల్లీలీటర్లు, అంటే ఒక పెద్ద పెగ్గు పోసుకుంటే కూడా అంతే ఆల్కహాలు. పెగ్గు అంటే ఉలిక్కిపడేవాడు పైంటు అంటే చిరునవ్వు నవ్వుతాడు. రెంటిలో ఉన్నది ఒకటే.

నేను మావాడిని అడిగాను, ఆ రెండు రోజుల్లో ఎంత తాగావని. "పని అయ్యాకనే మామయ్యా. రెండు రోజులూ కలిపి ఐదు పైంట్లే" అన్నాడు. ఐదు పైంట్లంటే దాదాపు 13 యూనిట్లు. వారం మొత్తానికి వాళ్ల ప్రభుత్వం చెప్పిన హద్దు రెండు రోజుల్లో దాదాపు పూర్తయింది. వాడు పడిపోలేదు, గొడవ చేయలేదు, మాట తడబడలేదు. అందుచేత ఏమీ కాలేదని నమ్ముతున్నాడు. కాలేయం నొప్పి చెప్పదు. తడబడదు. చాలా ఏళ్లు నోరు మూసుకుని పని చేస్తుంది.

నేను ఊరుకున్న రోజులు

ఇక్కడ నా సొంత విషయం ఒకటి చెప్పక తప్పదు. ఈ కుర్రవాడి తండ్రి, మా బావగారు, జీవితంలో విస్కీ ముట్టలేదు. సారా వాసన కూడా పడదు ఆయనకు. రాత్రి భోజనానికి ముందు రెండు సీసాల బీరు, అంతే. ఎవరైనా ఆయన్ను తాగుబోతు అంటే మా చెల్లెలు ఊరుకునేది కాదు. నేను ప్రభుత్వ ఆసుపత్రిలో కామెర్లతో, నీరు పట్టిన పొట్టతో, రక్తపు వాంతులతో వచ్చే రోగులను రోజూ చూస్తూ, ఇంటికి వచ్చి బావగారి పక్కన కూర్చుని కబుర్లు చెప్పేవాణ్ణి. ఆ సీసాలు నా కళ్లముందే ఉండేవి. బీరే కదా అనుకున్నాను. మద్యం మానమని రోగులకు చెప్పిన నోటితో ఆయనకు ఒక్క మాట చెప్పలేదు.

మన దేశంలో స్ట్రాంగ్ బీరులో ఆల్కహాలు 8 శాతం వరకు ఉండవచ్చు. 650 మిల్లీలీటర్ల సీసాలో అది 52 మిల్లీలీటర్లు. అంటే రెండు పెద్ద పెగ్గుల విస్కీ. రెండు సీసాలంటే నాలుగు పెగ్గులు. రోజూ నాలుగు పెద్ద పెగ్గుల విస్కీ తాగే బావగారు ఉంటే నేను ఊరుకునేవాణ్ణా? ఈ గుణకారం చేయడానికి వైద్యపట్టా అక్కరలేదు. అయినా నేను చేయలేదు. ఆయన కళ్లు పచ్చబడ్డ తరువాత చేశాను. అప్పటికి సిరోసిస్ ముదిరిపోయింది. ఏడాదిన్నర బతికారు.

అందుకే మావాడి ఫొటోలో గ్లాసు చూసి నేను నవ్వలేకపోయాను.

స్నేహం అన్నమాట గురించి

నాలుగో వాదన బలమైనది. మనుషులు కలుసుకుంటున్నారన్నది. ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు రాబిన్ డన్‌బార్ చేత 2016లో కామ్రా ఒక నివేదిక రాయించింది. తమకంటూ అలవాటైన ఒక పబ్బు ఉన్నవారికి దగ్గరి స్నేహితులు ఎక్కువ, తృప్తి ఎక్కువ అని అందులో ఉంది. ఒంటరితనం ఆరోగ్యానికి హాని చేస్తుందన్నది నిజం. పరాయి దేశంలో చలికాలపు సాయంత్రాలు గడిపే మన పిల్లలకు ఆ ఒంటరితనం ఎలాంటిదో నేను ఊహించగలను.

కానీ ఆ నివేదిక మెచ్చుకున్నది స్నేహాన్ని. పబ్బుకు వెళ్లడం వల్లనే స్నేహితులు పెరిగారా, స్నేహితులున్నవారే పబ్బుకు వెళుతున్నారా అన్నది కూడా ఆలోచించాలి. మావాడికి ఆ రెండు రోజుల్లో సంతోషం కలిగించింది నలుగురితో కలిసి పీపాలు మోయడం, గ్లాసులు కడగడం, కొత్తవారితో మాట్లాడడం. ఐదు పైంట్లు తీసేసినా ఆ సంతోషం మిగులుతుంది. స్నేహం తీసేసి ఐదు పైంట్లు మాత్రమే ఇస్తే వాడు మళ్లీ సెలవు పెట్టి వెళతాడా? వెళ్లడు. కాబట్టి మందు ఏదో, గ్లాసు ఏదో విడదీసి చూడాలి.

తాగి పడిపోయినవారు ఎవరూ లేరన్నది కూడా నమ్ముతాను. ఆ ఉత్సవాలు మర్యాదగానే జరుగుతాయి. కానీ ఆ దేశం మొత్తం మీద, పూర్తిగా మద్యం వల్లనే సంభవించినవని నమోదైన మరణాలు 2023లో 10,473. అప్పటివరకు అదే అత్యధికం. అవన్నీ ఏల్ వల్ల జరిగినవని నేను అనను. మంచి బీరును ప్రేమించే సంస్కృతి అర్ధ శతాబ్దంగా వర్ధిల్లుతున్నా, అది ఆ దేశాన్ని ఈ మరణాల నుంచి కాపాడలేదని మాత్రమే అంటున్నాను.

మనం ఏమి నేర్చుకోవాలి

వాలంటీర్ల మాట వచ్చింది కాబట్టి మన చరిత్రను కూడా గుర్తుచేస్తాను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాలు నేర్చుకోవడానికి కూడిన స్త్రీలు సారా దుకాణానికి అడ్డం నిలిచారు. వారికీ ఎవరూ జీతం ఇవ్వలేదు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993లో సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. కేవలం చట్టంతో తాగుడు పోదని ఆ అనుభవం చెప్పింది. కాబట్టి అలాంటి ఉత్సవాలను మూసేయమని నేను కోరడం లేదు. అది వారి దేశం, వారి ఇష్టం.

నేను కోరేది వేరు. ఆ ఉత్సవం నుంచి మనం తెచ్చుకోదగినవి ఉన్నాయి. కొలతలో నిజాయితీ, ఎంత ఆల్కహాలు ఉందో తాగేవాడికి తెలియజేయడం, చిన్న గ్లాసు అడిగితే చిన్నచూపు చూడకపోవడం, కంపెనీల ముందు సామాన్యులు సంఘటితం కావడం. ఇవి తెచ్చుకుందాం. పీపాను, దాని చుట్టూ ఉన్న పవిత్రతను మాత్రం తెచ్చుకోవద్దు. "కల్తీ లేని కల్లు ఒంటికి మంచిది" అని మన ఊళ్లలో చెప్పే మాటకూ, "రియల్ ఏల్ సహజమైనది" అని అక్కడ చెప్పే మాటకూ తేడా లేదు. కల్తీ ఒక విషం. కల్తీ తీసేస్తే మిగిలేది రెండో విషం.

ఇప్పుడు కొన్ని జాగ్రత్తలు. కాలేయంలో కొవ్వు ఉన్నవారు, హెపటైటిస్ బి, సి ఉన్నవారు, గర్భిణులు, నిద్రమాత్రలు వాడేవారు బీరైనా సరే ముట్టవద్దు. ఇన్సులిన్ గానీ, చక్కెరను బాగా తగ్గించే మాత్రలు గానీ వాడే మధుమేహ రోగులు తాగితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. కాలేయం ఒక యూనిట్‌ను తీసేయడానికి ఇంచుమించు ఒక గంట పడుతుంది. రాత్రి నాలుగు పైంట్లు తాగినవాడి రక్తంలో తెల్లవారి కూడా ఆల్కహాలు ఉండవచ్చు. ఇంగ్లండులో వాహనం నడిపేవారికి 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాములు హద్దు. మన దేశంలో అది 30 మాత్రమే. అక్కడి అలవాటుతో ఇక్కడ బండి తీయవద్దు.

మరొక ముఖ్యమైన మాట. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగుతున్నవారు ఈ వ్యాసం చదివి ఒక్కసారిగా మానేయవద్దు. వణుకు, ఫిట్స్, మతి తప్పడం వంటి ప్రమాదాలు రావచ్చు. డాక్టరును కలిసి, వారి పర్యవేక్షణలో మానండి. అలా అడగడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

చివరగా మావాడికి. బాబూ, ఆ రెండు రోజులు నువ్వు చేసిన సేవను నేను తక్కువ చేయడం లేదు. నీకు అక్కడ స్నేహితులు దొరికారంటే మీ అమ్మ కన్నా నేనే ఎక్కువ సంతోషిస్తాను. మళ్లీ పిలిస్తే వెళ్లు. పీపాలు మోయి. గ్లాసులు కడుగు. ఆ గ్లాసు మీద గీతలు ఎందుకు గీశారో తాగేవారికి వివరించు. నీ గ్లాసులో మాత్రం నీళ్లు పోసుకో. మీ నాన్న కూడా బీరే తాగారు. ఆయనకు చెప్పవలసిన మాట నేను సమయానికి చెప్పలేదు. నీకు చెబుతున్నాను.